తొలి పాట నాటి గొంతులు

జపాన్‌లో పాత గాయకుడి పేరు ఎత్తితే చాలు, పక్కనున్న పెద్దవాళ్ళు ఒక సంవత్సరం, ఒక పాట చెబుతారు. 1960, 'ఇతాకో గాసా'. 1963, 'కోకో సన్నెన్‌సెయి'. 1972, 'ఒతోకొనోకో ఒన్నానోకో'. ఇవి ఆ గాయకుల గొప్ప పాటలు కానక్కర్లేదు. రికార్డు మీద వాళ్ళ పేరు మొదటిసారి పడిన పాటలు, అంతే. మన దగ్గర పాట సినిమాది. బాలుగారు 1966లో మొదటిసారి సినిమాకి పాడారని మనకి తెలుసు కానీ, ఆ పాట చూసినవాళ్ళకి తెర మీద కనబడింది ఇంకొకరి ముఖం. జపాన్‌లో పదిహేడేళ్ళ కుర్రాడి ఫోటో, పేరు, గొంతు మూడూ ఒకే అట్ట కవరులో, ఒకే రోజున దుకాణానికి వచ్చేవి.

చాలాసార్లు ఆ పేరు అతని సొంతం కాదు, ఎవరో పెట్టింది. ఆ బట్టలు కంపెనీ వాళ్ళు వేసినవి. పాట రాసింది ఒకరు, బాణీ కట్టింది ఇంకొకరు. కుర్రాడి సొత్తు ఒక్క గొంతే. ఆ తర్వాత పదేళ్ళలో అతను పెద్ద స్టార్ అవుతాడు, తన గొంతుని ఎలా వాడుకోవాలో నేర్చుకుంటాడు, ఏ మాట దగ్గర ఆగితే హాలు కేకలు వేస్తుందో తెలుసుకుంటాడు. తొలి పాటలో అవేవీ ఉండవు. అందుకే నాకు ఆ పాటలంటే అంత ఇష్టం.

నేను నగోయా వెళ్ళింది 1980 అక్టోబర్‌లో. వాల్తేరులో ఇంజనీరింగ్ అయ్యాక జపాన్ విద్యాశాఖ స్కాలర్‌షిప్ వచ్చింది. అదే నెల మొదటి వారంలో యమగుచి మొమొయె అనే గాయని, ఇరవై ఒక్క ఏళ్ళకే, తోక్యోలోని పెద్ద హాలు బుదొకాన్‌లో చివరి కచేరీ చేసి పాటకి సెలవు చెప్పింది. నేను దిగేసరికి ఎక్కడ చూసినా అదే మాట. భాష సరిగ్గా రాని నాకు ఆ దేశం గురించి మొదట అర్థమైన సంగతి, వీళ్ళు పాటగాళ్ళని ఇంటి మనుషుల్లా చూసుకుంటారని.

మోతోయమా స్టేషన్ దగ్గర ఒక చెక్క ఇంట్లో, మేడ మీద చాపల గది నాది. ఆ వీధి మొదట్లో ఒక కాఫీ షాపు ఉండేది. నగోయా వైపు పొద్దున్నే కాఫీ చెబితే టోస్టు, ఉడికించిన గుడ్డు దాంతోపాటే ఇస్తారు, విడిగా డబ్బులు ఉండవు. 'మార్నింగ్' అంటారు. పక్కనే ఉన్న ఇచినొమియా ఊళ్ళో ఈ అలవాటు మొదలైందని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. అది ఉన్ని బట్టల ఊరు. మగ్గాల మోతలో మాట వినబడక, మిల్లుల వాళ్ళు బేరసారాలకి కాఫీ షాపుల్లో కూర్చునేవారట. మాంసం తినని నాకు ఆ టోస్టు, గుడ్డు పెద్ద ఆసరా. షాపులో రోజంతా 'యూసెన్' మోగుతూ ఉండేది. అంటే వైరు ద్వారా షాపులకి, హోటళ్ళకి పాటలు పంపే సర్వీసు. ఫోన్ చేసి ఫలానా పాట వెయ్యమని అడగొచ్చు. నా జపనీస్ సగం ఆ షాపులోనే వచ్చింది.

షాపు నడిపే ఆవిడకి అప్పుడు ముప్పై రెండో, ముప్పై మూడో ఉంటాయి. ఆవిడది దక్షిణాన కగోషిమా. ఒకరోజు ఉదయం 'కోకో సన్నెన్‌సెయి' వచ్చింది. ఆవిడ చేతిలో పని ఆపి, పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. హైస్కూల్ ఆఖరి సంవత్సరం విద్యార్థి గురించిన పాట అది. సాయంత్రపు ఎరుపు స్కూలు భవనం మీద పడటం, విడిపోబోయే స్నేహితులు, నాట్యంలో చెయ్యి అందుకున్న అమ్మాయి జుట్టు వాసన. మైనర్ స్వరాల్లో ఉంటుంది కానీ నడక మాత్రం హుషారు. అందుకే అది ఏడిపిస్తూనే పాడిస్తుంది.

"మీ స్కూలు గుర్తొచ్చిందా?" అని అడిగాను.

"నేను హైస్కూలుకి వెళ్ళలేదు, రావు-సాన్" అంది ఆవిడ.

ఆవిడ కథ తెలియకుండా ఆ పాట అర్థం కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది. 1963లో జపాన్‌లో మిడిల్ స్కూల్ తర్వాత హైస్కూల్లో చేరినవాళ్ళు వందకి సుమారు 67 మంది. మిగతా పిల్లలు పదిహేనేళ్ళకే పనికి వెళ్ళేవారు. మార్చిలో చదువు అయిపోగానే, పల్లెల నుంచి వాళ్ళని గుంపులుగా నగరాలకి తీసుకెళ్ళడానికి ప్రత్యేకంగా రైళ్ళు ఉండేవి. పేపర్లు వాళ్ళని 'బంగారు గుడ్లు' అనేవి, పనివాళ్ళ కొరత ఉన్న రోజుల్లో అంత విలువైనవాళ్ళు కాబట్టి. ఆవిడ ఆ ఏడాది మార్చిలో కగోషిమా స్టేషన్లో రైలెక్కి, ఇచినొమియాలో ఉన్ని మిల్లుకి వచ్చింది. మిల్లు హాస్టల్లో ఉండటం, తెల్లవారుజామున మొదటి షిఫ్టు. వచ్చిన మూడు నెలలకి, జూన్ 5న, ఈ పాట రికార్డు విడుదలైంది. పాడిన కుర్రాడు ఫునాకి కజువో. పద్దెనిమిదేళ్ళు. పుట్టింది అదే ఇచినొమియాలో.

"మేం బడి మానేసి వచ్చినవాళ్ళం. ఆ పాటేమో బడి గురించి. అయినా హాస్టల్లో అందరం అదే పాడుకునేవాళ్ళం. మాకు లేని మూడేళ్ళు ఆ పాటలో ఉండేవి" అందావిడ.

తర్వాత తెలుసుకుంటే ఈ మాటకి ఇంకా లోతు కనిపించింది. పాట రాసిన ఒకా తొషియో పత్రికా విలేకరి. ఒక హైస్కూల్లో జరిగిన ఉత్సవం గురించి రాయడానికి వెళ్ళి, అక్కడ అబ్బాయిలు, అమ్మాయిలు చేతులు పట్టుకుని ఫోక్ డాన్స్ చెయ్యడం చూసి ఆశ్చర్యపోయాడు. అతని చిన్నతనంలో ఊహకి కూడా అందని సంగతి అది. బాణీ కట్టిన ఎందో మినోరు అసలు హైస్కూల్ గడపే తొక్కలేదు. యుద్ధకాలంలో నిగాతా వైపు పేదరికంలో పెరిగి, పదిహేడేళ్ళకి తోక్యో వచ్చి, గిటార్ భుజాన వేసుకుని సారాకొట్ల వెంట తిరిగి పాడి బతికినవాడు. అంటే హైస్కూల్ రోజుల మీద జపాన్ మొత్తానికి బెంగ పుట్టించిన పాటకి స్వరం కట్టినవాడికే ఆ రోజులు లేవు. ఆ పాటలో అంత ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అక్కడ అర్థమైంది. అది గుర్తు చేసుకుంటున్న పాట కాదు. కోరుకుంటున్న పాట.

ఫునాకి కజువో దొరికిన తీరు కూడా నగోయా వాళ్ళు చెప్పుకునే కథే. విద్యార్థిగా ఉన్నప్పుడు నగోయాలో ఒక జాజ్ కాఫీ షాపులో మత్సుషిమా అకిరా అనే గాయకుడి కార్యక్రమం చూడటానికి వెళ్ళాడు. గాయకుడు ప్రేక్షకుల్లోంచి పిలిస్తే వేదిక ఎక్కి పాడాడు. అక్కడున్న ఒక వారపత్రిక విలేకరి విని, తోక్యోలో ఒక ఏజెన్సీకి కబురు పెట్టాడు. ఇక పేరు సంగతి. 'ఫునాకి కజువో' అన్న పేరు ఎందో మినోరు అంతకు ముందు తన దగ్గర పాట నేర్చుకున్న ఇంకో కుర్రాడి కోసం అనుకున్నది. ఆ కుర్రాడు వేరే కంపెనీకి వెళ్ళి, హషి యుకియోగా పేరు తెచ్చుకున్నాడు. పేరు మిగిలిపోయింది, ఇతనికి వచ్చింది. తొలి పాటకి నల్లటి మెడపట్టీ ఉన్న స్కూల్ యూనిఫాం వేయించారు. ఆ యూనిఫాం అంత పనిచేసింది కాబట్టే, అదే సంవత్సరంలో వచ్చిన తర్వాతి పాటలు కూడా స్కూల్ విహారయాత్ర గురించి, స్కూల్ మైదానం గురించి. పద్దెనిమిదేళ్ళ వాణ్ణి విద్యార్థిగానే ఉంచేశారు పాపం.

హషి యుకియో, ఫునాకి కజువో, కగోషిమా కుర్రాడు సైగో తెరుహికో, ఈ ముగ్గుర్నీ కలిపి 'గొసాన్కె' అనేవారు. పూర్వం దేశాన్ని ఏలిన సేనాపతి, షోగున్, వంశంలోని మూడు పెద్ద శాఖలకి ఉన్న పేరది. హషి తొలి పాట 'ఇతాకో గాసా' ఒక దేశదిమ్మరి జూదగాడి పాట. పదిహేడేళ్ళ కుర్రాడు కిమోనో కట్టి, పొట్టిగా కత్తిరించిన జుట్టుతో పాడాడు, ఆ ఏడాది రికార్డ్ అవార్డుల్లో కొత్త గాయకుడి బహుమతి గెలిచాడు. సైగో 1964లో 'కిమి దాకె వొ'తో వచ్చాడు, అప్పుడే పెట్టిన క్రౌన్ అనే కంపెనీ నుంచి. ఈ రెండూ మంచి పాటలే కానీ నన్ను అంతగా పట్టుకోలేదు.

పట్టుకున్నది మోరి షినిచి. ఆ కాఫీ షాపు ఆవిడకి ప్రాణమైన గొంతు అది. అతనూ కగోషిమాలోనే మిడిల్ స్కూల్ చదివి, ఆవిడ ఎక్కినలాంటి రైలే ఎక్కి ఓసాకా వెళ్ళి, సుషీ కొట్లో పనికి కుదిరినవాడు. తల్లిని, చెల్లెల్ని, తమ్ముణ్ణి పోషించడానికి ఎన్నెన్ని పనులు మార్చాడో. టీవీ పాటల పోటీలో గెలిచాక చార్లీ ఇషిగురో అనే బ్యాండ్ మాస్టర్ అతన్ని తీసుకున్నాడు. 1966 జూన్‌లో తొలి పాట 'ఒన్నా నో తమెయికి' వచ్చింది. ఒక ఆడదాని నిట్టూర్పు గురించిన పాట, పాడినవాడు పద్దెనిమిదేళ్ళవాడు. గొంతు బొంగురు. అప్పటిదాకా మగ గాయకుడంటే గంటలా మోగే గొంతు ఉండాలి. ఇతను ఊపిరి తెగిపోతున్నట్టు పాడాడు. కొంతమంది ఇదేం గొంతన్నారు. ఇప్పుడు విన్నా, ఆ తొలి పాటలో ఇది నటనో, అలసటో చెప్పలేం. తర్వాతి పాటల్లో అది ఒక శైలి అయింది, అద్భుతమైన శైలి. తొలి పాటలో మాత్రం ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసిన మనిషి పాడుతున్నట్టే ఉంటుంది. "మిల్లులో రాత్రి షిఫ్టు దిగాక మా గొంతులు ఇలాగే ఉండేవి" అనేది ఆవిడ.

డెబ్బైల కుర్రాళ్ళని నేను వెనక నుంచి తెలుసుకున్నాను. నేను వెళ్ళేసరికి వాళ్ళు పెద్ద స్టార్లు. నగోయాలోని ఓసు బజారులో, కన్నన్ గుడి దగ్గర సందుల్లో పాత రికార్డులు అమ్మే షాపుల్లో, మధ్యలో పెద్ద చిల్లు ఉన్న 45 ఆర్‌పీఎం రికార్డులు పెట్టెల్లో నిలబెట్టి ఉండేవి. కొత్తదయితే 700 యెన్‌లు, పాతవి చాలా చవక. స్కాలర్‌షిప్ డబ్బుల్లో పుస్తకాలకని పక్కన పెట్టినది కొంత అటు పోయేది. కవరు వెనక పాట మొత్తం అచ్చువేసి ఉండేది, దాన్ని చూసే కంజి అక్షరాలు నేర్చుకున్నాను. అలా తిప్పుతుండగా ఒకే పేరు మళ్ళీ మళ్ళీ కనబడటం మొదలైంది. సంగీతం: త్సుత్సుమి క్యోహెయి.

డెబ్బైల్లో 'కొత్త గొసాన్కె' అని ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు: నోగుచి గోరో, సైజో హిదెకి, గో హిరోమి. ఈ ముగ్గురి మొదలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి వింటే, ఒక కుర్రాడికి తగిన పాట దొరకడం ఎంత కష్టమో తెలుస్తుంది.

నోగుచి గోరో మా నగోయాకి ఉత్తరాన గిఫు జిల్లా వాడు. చిన్నప్పుడే పాటల పోటీల్లో గెలిచి, మిడిల్ స్కూల్ వయసులో తోక్యో వెళ్ళాడు. తీరా వెళ్ళాక గొంతు మారే వయసు వచ్చింది. చివరికి 1971 మే 1న, పదిహేనేళ్ళకి, 'హకాతా మిరెన్' అనే పాటతో వచ్చాడు. హకాతా ఊళ్ళో విడిపోయిన ప్రేమ మీద చావని ఆశ గురించి ఎన్కా పాట, అంటే పెద్దవాళ్ళ దుఃఖాలు పాడే పాతతరహా జపనీస్ బాణీ. పదిహేనేళ్ళ కుర్రాడి చేత నలభై ఏళ్ళ మనిషి బాధ పాడించారు. అమ్ముడు పోలేదు. మూడు నెలల్లో కంపెనీ వాళ్ళు మొత్తం మార్చి, త్సుత్సుమి బాణీ కట్టిన 'అవొయి రింగో' ఇచ్చారు. పచ్చి ఆపిల్, పచ్చి వయసు. దాంతో నిలబడ్డాడు. అందరూ ఈ రెండోదాన్నే అతని మొదలుగా గుర్తుంచుకుంటారు. నాకు మాత్రం ఆ 'హకాతా మిరెన్' మీదే జాలీ, ప్రేమా. ఎన్కా గమకాలు చక్కగా నేర్చుకుని, చెప్పింది చెప్పినట్టు పాడతాడు. మంచి విద్యార్థి పరీక్ష రాసినట్టు ఉంటుంది. అతని పేరు కూడా ఒక కొండది. ఉత్తర ఆల్ప్స్‌లో 2,924 మీటర్ల నోగుచి గోరో శిఖరం ఉంది. కొండంత ఎదగాలని పెట్టారు.

సైజో హిదెకి హిరోషిమా కుర్రాడు. అన్నతో కలిసి బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. 1972 మార్చి 25న 'కొయి సురు కిసెత్సు'. పొడుగ్గా, చురుగ్గా ఉంటాడు కాబట్టి "వైల్డ్ పదిహేడేళ్ళవాడు" అని ప్రచారం చేశారు. ఇదీ త్సుత్సుమి బాణీయే. తియ్యటి పాట, మర్యాదగల పాట. హిదెకి అంటే తర్వాత జనానికి తెలిసింది అరుపు, ఒళ్ళంతా ఊగిపోయే పాట. 1973లో అయిదో పాట 'జోనెత్సు నో అరాషి'తో గాని అతని అసలు ఊపు బయటికి రాలేదు. తొలి పాట వింటుంటే, ఇరుకు చొక్కా వేసుకున్న మనిషి చేతులు చాచాలని చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఒక్కో పాదం చివర గొంతు జీరగా పైకి లేస్తుంది, వెంటనే తగ్గించుకుంటాడు. ఆ తగ్గించుకోవడం వినాలి.

గో హిరోమి సంగతి వేరు. 1972 ఆగస్టు 1న వచ్చిన 'ఒతోకొనోకో ఒన్నానోకో' నాకు తెలిసిన తొలి పాటలన్నిటిలోకీ సరిగ్గా కుదిరినది. రాసింది ఇవతాని తొకికో, బాణీ మళ్ళీ త్సుత్సుమి. గో గొంతు సన్నం, కాస్త ముక్కుతో పలికేది. అప్పటి లెక్కల్లో అది లోపం. త్సుత్సుమి ఆ లోపాన్నే పాటకి మధ్యలో పెట్టాడు. అబ్బాయిలూ, అమ్మాయిలూ అని పిలుస్తున్న కుర్రాడు ఏ వైపు వాడో చెప్పలేనంత లేతగా ఉంటాడు, ఆ లేతదనమే పాట. అదే ఏడాది ఎన్‌హెచ్‌కె అనే ప్రసార సంస్థ చారిత్రక సీరియల్లో కనిపించడం కూడా కలిసొచ్చింది. మొదటి పాటే మొదటి పది స్థానాల్లోకి వెళ్ళింది. మిగతా ఇద్దరికీ కొంత వెతుకులాట పట్టింది, ఇతనికి మొదటిరోజే కొలత తీసి కుట్టారు.

ఈ త్సుత్సుమి క్యోహెయి ఎప్పుడూ జనం ముందుకి రావడానికి ఇష్టపడేవాడు కాదు. 2020 అక్టోబర్‌లో ఎనభై ఏళ్ళకి పోయేదాకా అలాగే ఉన్నాడు. కొన్ని తరాల కుర్రాళ్ళకి తొలి గొంతు ఇచ్చిన మనిషి ఫోటో ఎక్కడా సరిగ్గా దొరికేది కాదు.

నా కళ్ళ ముందు జరిగిన తొలి పాట ఒకటుంది. గురువారం రాత్రి తొమ్మిదికి 'ది బెస్ట్ టెన్' అనే టీవీ కార్యక్రమం వచ్చేది. రికార్డుల అమ్మకాలు, యూసెన్, రేడియో, జనం రాసిన కార్డులు అన్నీ కలిపి ఆ వారం పది పాటల వరుస నిర్ణయించేవారు. అంకెల బోర్డు టపటపా తిరిగి ఆగేది, అద్దాల తలుపు తిరిగి గాయకుడు బయటికి వచ్చేవాడు. కుమె హిరోషితో పాటు దాన్ని నడిపింది కురోయనగి తెత్సుకో, ఉల్లిపాయ ముడిలాంటి జుట్టుతో, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే ఆవిడ. 1981లో ఆవిడ రాసిన చిన్ననాటి జ్ఞాపకాల పుస్తకం నగోయాలో ప్రతి షాపులో గుట్టలుగా కనిపించేది. మన పిల్లలకి 'రైలుబడి' తొత్తోచాన్‌గా తెలిసిన చిన్నారి ఆవిడే. ఆ పుస్తకం తెలుగులో వచ్చాక, మా వాళ్ళకి ఆవిడ గురించి ఎంత చెప్పినా ఈ పాటల ప్రోగ్రాం సంగతి నమ్మేవారు కాదు.

1980 డిసెంబర్ 12న కొందో మసహికో తొలి పాట 'స్నీకర్ బ్లూస్' వచ్చింది. మాటలు మత్సుమోతో తకాషివి, బాణీ ఎవరిదో చెప్పనక్కర్లేదు. పదహారేళ్ళ కొందో, ముద్దుపేరు మాచ్చి, అంతకు ముందే స్కూల్ టీచర్ సీరియల్లో నటించి దేశానికంతటికీ తెలిసినవాడు, విడుదలైన వారమే ఒరికాన్ అనే రికార్డు అమ్మకాల జాబితాలో మొదటి స్థానంలోకి వెళ్ళాడు. తొలి పాటకి అలా జరగడం అదే మొదటిసారి. పది లక్షలు దాటి అమ్ముడైంది. మా ల్యాబ్‌లో సంగీతం తెలిసిన స్నేహితుడు "శ్రుతి లేదు" అని విసుక్కునేవాడు. నిజమే, శ్రుతి అటూ ఇటూ పోతుంది. కానీ ఆ చలికాలం నగోయాలో ఏ వీధిలో నడిచినా ఆ కుర్రాడు పరిగెడుతున్నట్టే ఉండేది. నాకు ఆ పరుగు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. అదే ఏడాది జూన్‌లో, అదే సీరియల్ నుంచి వచ్చిన తహారా తొషిహికో 'అయిషూ దేట్' పాడాడు. ఒక అమెరికన్ పాటకి జపనీస్ మాటలు. పాట కన్నా డాన్స్ ఎక్కువ, కానీ అంత ధైర్యంగా నవ్వుతూ పాడిన కొత్తవాణ్ణి నేను చూడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. గో హిరోమి, తహారా, కొందో ముగ్గురూ జానీ కితగావా నడిపిన ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళు. అతను 2019లో చనిపోయాడు. దశాబ్దాల పాటు తన దగ్గరికి వచ్చిన మగపిల్లల మీద లైంగిక దాడులు చేశాడని 2023లో ఆ ఏజెన్సీయే బహిరంగంగా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఏ కుర్రాడి విషయంలో ఏం జరిగిందో ఊహించే హక్కు నాకు లేదు. కానీ పదహారేళ్ళ పిల్లల భవిష్యత్తు మొత్తం ఒక మనిషి చేతిలో పెట్టిన పద్ధతి అది. అద్దాల తలుపు ఇవతల కూర్చుని చప్పట్లు కొట్టిన నాలాంటి వాళ్ళకి ఆ సంగతి తట్టనేలేదు. ఇప్పుడు ఆ ఏజెన్సీ నుంచి వచ్చిన ఏ తొలి పాట విన్నా, ముందు ఆ పిల్లల వయసు గుర్తొస్తుంది.

మోగిన తొలి పాటల కన్నా, మోగనివి నాకు ఎక్కువ దగ్గర. ఇత్సుకి హిరోషిని చూడండి. ఫుకుయి జిల్లా కుర్రాడు, పోటీలో గెలిచి 1965లో 'షింజుకు కరా' అనే పాటతో వచ్చాడు. అప్పటి పేరు మత్సుయమా మసారు. ఎవరూ పట్టించుకోలేదు. పేరు మార్చి ఇచిజో ఎయిచి అయ్యాడు. మళ్ళీ మార్చి మితాని కెన్ అయ్యాడు. చివరికి, ఇక ఇదీ కాకపోతే ఊరెళ్ళిపోదామనుకుని, రికార్డులు ఇచ్చినవాళ్ళూ పోటీ పడగలిగే ఒక టీవీ పాటల పోటీకి వెళ్ళాడు. ఓడితే పరువు పోతుంది. వరసగా పది వారాలు గెలిచాడు. అక్కడ న్యాయనిర్ణేతలుగా కూర్చున్న యమగుచి యోకో, హిరావొ మసాఅకి కలిసి అతనికి 'యొకొహామా తసోగారె' తయారు చేశారు. నవలా రచయిత ఇత్సుకి హిరోయుకి పేరులోంచి కొత్త ఇంటిపేరు వచ్చింది. 1971లో ఆ పాట దేశమంతా మోగింది. ఏది అతని తొలి పాట? రికార్డుల పుస్తకం 1965 అంటుంది, జనం 1971 అంటారు. నేను ఓసులో ఆ మొదటి పేరుతో ఉన్న రికార్డు కోసం ఎంతో వెతికాను, దొరకలేదు. ఆ నాలుగు పేర్ల మనిషి మాత్రం నా చదువు నడవని రోజుల్లో చాలా ధైర్యం ఇచ్చాడు.

కితాజిమా సబురోది ఇంకో రకం. ఉత్తరాన హొక్కాయిదో నుంచి వచ్చి తోక్యోలో షిబుయా సారాకొట్లలో గిటార్‌తో తిరిగి పాడినవాడు. 1962 జూన్‌లో తొలి పాట 'బుంగాచా బుషి'. మధ్యలో వచ్చే ఒక పదం శబ్దం మంచం కిర్రుమన్నట్టుందని, అసభ్యమని, వారంలోనే రేడియో, టీవీలు వెయ్యడం ఆపేశాయి. అక్కడితో అయిపోవాల్సింది. అదే ఏడాది ఫునమురా తోరు బాణీలో 'నమిదా బునె' పాడి నిలిచాడు. సముద్రం మీద చేపల పడవ, కన్నీళ్ళు, ఆకాశాన్ని చీల్చే గొంతు.

ఇనొవె యోసుయి 1969లో 'కాండ్రె మాండ్రె' అనే పాటతో వచ్చాడు, అప్పుడు అతని పేరు ఆండ్రె కాండ్రె. మూడేళ్ళ తర్వాత సొంత పేరుకి దగ్గరగా వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు, 1973లో అతని ఎల్పీ జపాన్‌లో పది లక్షలు దాటిన మొదటి ఎల్పీ అయింది. సవాదా కెంజికి కూడా రెండు మొదళ్ళున్నాయి. 1967లో టైగర్స్ బృందంతో 'బొకు నో మరీ', 1971 నవంబర్‌లో ఒంటరిగా 'కిమి వొ నొసెతె'. నేను టీవీలో మొదట చూసినప్పుడు అతను వీపుకి పారాచూట్ కట్టుకుని 'తొకియో' పాడుతున్నాడు. ఆ మనిషే పదేళ్ళ కింద ఇంత నెమ్మదిగా, కప్పుకోవడానికి ఏమీ లేకుండా పాడాడంటే నమ్మబుద్ధి కాలేదు. మియగావా హిరోషి బాణీ అది. మగ గొంతు అంత అందంగా ఉండటం నేను అరుదుగా విన్నాను.

1983 డిసెంబర్ 1న, నేను పీహెచ్‌డీలో ఉండగా, ఒజాకి యుతాకా అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడి తొలి పాట 'జూగొ నో యొరు' వచ్చింది. అప్పుడు పెద్దగా ఎవరికీ తెలియలేదు. నాకు ఆ తర్వాత ఏడాది ల్యాబ్‌లో ఒక జూనియర్ క్యాసెట్ ఇచ్చాడు. పదిహేనేళ్ళవాడు స్కూలునీ ఇంటినీ తట్టుకోలేక, దొంగిలించిన బైకు మీద రాత్రి పారిపోవడం గురించిన పాట. మాటలూ, బాణీ, గొంతూ అన్నీ అతనివే. పేరు కూడా తనదే. హైస్కూల్లో తన తోటివాళ్ళు పట్టాలు తీసుకుంటున్న రోజు, 1984 మార్చి 15న, అతను చదువు మధ్యలో వదిలేసి షింజుకులో ఒక చిన్న హాల్లో మొదటి కచేరీ చేశాడు. 1992లో ఇరవై ఆరేళ్ళకి చనిపోయాడు.

ఆ క్యాసెట్ నేను కాఫీ షాపు ఆవిడకి వినిపించాను. అప్పటికి జపాన్‌లో హైస్కూల్లో చేరేవాళ్ళు సుమారు 94 శాతం. ఆవిడ కూతురు అదే ఏడాది హైస్కూల్లో చేరింది. ఇరవై ఏళ్ళ కిందట ఒక కుర్రాడు యూనిఫాం వేసుకుని స్కూలు గురించి పాడితే, స్కూలు లేని పిల్లలు ఏడ్చారు. ఇప్పుడు ఇంకో కుర్రాడు ఆ స్కూలు కిటికీలోంచి దూకి పారిపోతున్నాడు. ఆవిడ మొత్తం విని, "ఈ అబ్బాయికి అన్నం పెట్టేవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. కూతురు మాత్రం ఆ క్యాసెట్ తీసుకుని వారం దాకా ఇవ్వలేదు.

నేను 1986లో ఇండియా తిరిగి వచ్చాను. రికార్డులు కొన్ని వచ్చాయి, కొన్ని ఆ షాపులోనే వదిలేశాను. 2018 మే నెలలో సైజో హిదెకి అరవై మూడేళ్ళకి పోయినప్పుడు, అంత్యక్రియల్లో నోగుచి గోరో, గో హిరోమి ఇద్దరూ మాట్లాడారు. పదిహేను, పదహారేళ్ళ వయసులో పోటీదారులుగా జనం ముందు నిలబెట్టిన పిల్లలు, చివరిదాకా స్నేహితులుగా మిగిలారు. ఆ వార్త చదివాక ముగ్గురి తొలి పాటలూ వరసగా విన్నాను. ఎవరూ ఎవరికన్నా ఎక్కువ కాదు అనిపించింది, నేను అన్నాళ్ళు ఎంచిన లోపాలన్నిటితో సహా.

ఈ పాటలన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. వినాలనుకునేవాళ్ళు మొదట నోగుచి గోరో 'హకాతా మిరెన్', వెంటనే 'అవొయి రింగో' పెట్టుకోండి. రెంటికీ మధ్య మూడు నెలలే. భాష రాకపోయినా ఫర్వాలేదు, గొంతులో తేడా వినండి. తర్వాత మోరి షినిచి. 'కోకో సన్నెన్‌సెయి' వినేముందు మాత్రం, దానికి బాణీ కట్టినవాడు హైస్కూల్ చదవలేదని ఇంట్లో పక్కనున్నవాళ్ళకి కూడా చెప్పండి.